కోడి నడక ఎవరి లెక్క?



చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి రైతులు, రాజేంద్రనగర్ పశువైద్య విద్యార్థులు కలిసిన ఈ మోకిల సభలో డాక్టర్ బండా వాసుదేవరావు గారి స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచారు. బి.వి. రావు గారంటేనే కోళ్ల రైతులకు తెలుస్తుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. 1935లో పుట్టారు. 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. 1996లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలోనే ఈ దేశంలో కోడి పెరటిలోంచి షెడ్డులోకి వచ్చింది, షెడ్డు పరిశ్రమ అయింది. ఆ మార్పులో ఆయన పాత్ర ఎంతో ఈ సభకు విడిగా చెప్పనక్కర్లేదు. వెంకాబ్ పిల్ల గురించి తెలియని బ్రాయిలర్ రైతు, బి.వి. 300 పేరు వినని లేయర్ రైతు మన దగ్గర దొరకరు.

ఆయన చేసిన పనుల్లో ఈ పూట నేను ఒక్కదాన్నే ఎంచుకుంటున్నాను. 1980ల మొదట్లో గుడ్డు ధర చెప్పేది వ్యాపారి. గుడ్డు పండించినవాడు ఆ ధరకు తల వంచేవాడు, పెట్టుబడి కూడా రాక షెడ్లు మూసుకునేవాడు. బి.వి. రావు గారు తోటి రైతులను వెంటబెట్టుకుని దేశమంతా తిరిగారు, మూడు వందలకు పైగా సమావేశాలు పెట్టారు. 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ, మనం నెక్ అనేది, పుట్టింది. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ తీసి ‘ఇవాళ నెక్ రేటెంత?’ అని అడుగుతున్నామంటే ఆ తిరుగుడు ఫలితమే. గుడ్డు ఎవరిదో ధర చెప్పే హక్కూ వాళ్లదేనన్నది ఆయన వాదన.

నేను మాట్లాడబోయేది గుడ్డు గురించి కాదు, బ్రాయిలర్ కోడి కాలి గురించి. కుంటే కోడిని కెమెరాతో, కంప్యూటర్‌తో కనిపెట్టే పద్ధతులు వచ్చాయి. అవి ఇవాళ కాకపోతే రేపు మన షెడ్లకూ వస్తాయి. నేను చెప్పదలచిన మాట ఒక్కటే. ఆ యంత్రం కుంటుకోడిని వెతికి పట్టుకోవడం గొప్ప కాదు. కుంటు ముదరకముందే చెప్పాలి, ఆ మాట ముందుగా రైతు చెవిన పడాలి. ఈ రెండూ జరగకపోతే అది షెడ్డులో వేలాడే మరో కెమెరా, అంతే. దీన్ని ఏడు మెట్లలో చెబుతాను.

1. కోడి కుంటడం అంటే

ఇక్కడున్న రైతులకు ఇది రోజూ కనపడేదే. కానీ విద్యార్థుల కోసం, హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రుల కోసం దగ్గరగా చూపిస్తాను.

ముప్పై అయిదు రోజుల బ్యాచ్. తెల్లవారి పనామె చచ్చిన కోళ్లు ఏరడానికి షెడ్డులోకి వస్తుంది. ఆమె నడుస్తుంటే ముందున్న కోళ్లు లేచి దారి ఇస్తాయి, వెనక మళ్లీ కూర్చుంటాయి. ఒక కోడి లేవదు. కాలితో మెల్లగా కదిపితే లేస్తుంది. రెండడుగులు వేస్తుంది, మూడో అడుగుకు ఒక రెక్క నేలకు ఆనిస్తుంది. బరువంతా ఒక పక్కకు వాల్చి, ఇంకో కాలి గోళ్లు ఊకలో ఈడుస్తూ నాలుగడుగులు పోయి కూలబడుతుంది. మేత తొట్టి అక్కడే ఉంది. నీళ్ల నిపుల్ కోసం మాత్రం మెడ పైకి ఎత్తి నిలబడాలి, దానికి ఆ బలం లేదు. దాని రొమ్ము మీద ఈకలు రాలిపోయి చర్మం ఎర్రబడి ఉంటుంది, మోకీలు దగ్గర నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఎన్నాళ్లుగానో తడి ఊక మీద అలా కూర్చునే ఉందని ఆ మచ్చే చెబుతుంది.

ఈ కోడి ఆకలితో కంటే ముందు దాహంతో చస్తుంది. మోర్టాలిటీ రిజిస్టర్లో మాత్రం ‘1’ అని పడుతుంది. ఎందుకు చచ్చిందన్న గడి ఖాళీగానే ఉంటుంది.

2. ఎందుకు కుంటుతుంది

కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు పాత జాతుల కోళ్లను పోగొట్టకుండా కాపాడుకుంటూ వచ్చారు. 1957 నాటి కోడి, 1978 నాటి కోడి, 2005 నాటి కోడి: మూడింటికీ ఒకే మేత పెట్టి పెంచి 2014లో ఫలితం అచ్చు వేశారు. యాభై ఆరో రోజున 1957 కోడి 905 గ్రాములు తూగింది. 1978 కోడి 1,808 గ్రాములు. 2005 కోడి 4,202 గ్రాములు. మేత ఒకటే కాబట్టి తేడా అంతా జాతి ఎంపికది. రొమ్ము కండ పెరిగిన వేగానికి కాలి ఎముక అందుకోలేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

బి.వి. రావు గారి పేరిట నిలబడి ఈ మాట అనడం అగౌరవం అనుకోకండి. వేగంగా పెరిగే కోడి వల్లే మాంసం మన దేశంలో సామాన్యుడి కంచంలోకి వచ్చింది. ఆ మేలు నిజం, దాని బరువు కోడి కాళ్ల మీద పడిందన్నదీ నిజం. మేలు చేసినవాళ్లను గౌరవించడమంటే వాళ్లు మొదలుపెట్టిన పనిలో మిగిలిన భాగాన్ని మనం చేయడమే.

కారణం జాతి ఒక్కటే అయితే రైతు చేయగలిగింది ఏమీ ఉండదు. అదృష్టవశాత్తూ కారణాలు చాలా ఉన్నాయి. పెరిగే ఎముక చివర మృదులాస్థి గట్టిపడకుండా ముద్దగా మిగిలిపోవడం ఒకటి. తొడ ఎముక తలలో, కాలి ఎముక పై కొనలో సన్నని పగుళ్లు వచ్చి, నెత్తుటి దారిన బ్యాక్టీరియా అక్కడికి చేరి ఎముకను కుళ్లబెట్టడం ఇంకొకటి. మేతలో కాల్షియం, ఫాస్ఫరస్ పాళ్లు తప్పినా, డి3 విటమిన్ చాలకపోయినా రికెట్స్ వస్తుంది. రైబోఫ్లావిన్ తగ్గితే కాలి వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. రియోవైరస్ సోకితే స్నాయువులు వాస్తాయి. మారెక్స్ వ్యాధి వస్తే కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడి ఉంటుంది. ఇక వానాకాలంలో నిపుల్ కారి, ఊక తడిసి గడ్డకడితే పాదాలకు పుండ్లు పడతాయి.

ఈ జాబితాలో పిల్లతో వచ్చేవి ఉన్నాయి, మేత బస్తాతో వచ్చేవి ఉన్నాయి, షెడ్డులో పుట్టేవి ఉన్నాయి. ఈ మూడు సంగతులూ గుర్తుంచుకోండి. ఏడో మెట్టులో వీటితో పని పడుతుంది.

3. మనిషి కన్ను ఎక్కడి దాకా

నడక చూసి కోడిని అంచనా కట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. పందెం కోడికి కుక్కుట శాస్త్రమే రాసుకున్న జాతి మనది. అడుగు ఎలా పడుతోంది, బరువు ఏ కాలి మీద ఉంది అని చూసి డబ్బు కాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడే మొయినాబాద్ మండలంలోని ఒక ఫామ్‌హౌస్‌లో పోలీసులు పందెం కోళ్లతో సహా జనాన్ని పట్టుకున్న వార్త మీరంతా చదివారు. నవ్వకండి, ఆ వ్యసనాన్ని నేను మెచ్చుకోవడం లేదు. ఒక్క కోడి కాలి మీద అంత శ్రద్ధ పెట్టే కళ్లు, పదివేల కోళ్ల షెడ్డులో ఎందుకు చూడలేకపోతున్నాయన్నదే నా ప్రశ్న.

శాస్త్రజ్ఞులు ఆ చూపుకు ఒక కొలత ఇచ్చారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1992లో తయారైన నడక మార్కుల పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఇక్కడ మార్కు పెరిగితే మంచిది కాదు. హాయిగా నడిచే కోడికి సున్నా, అసలు నడవలేనిదానికి అయిదు. మూడుకు చేరితే కోడి ఇబ్బంది పైకి స్పష్టంగా తెలుస్తుంది.

అదే బ్రిస్టల్ బృందం 2008లో ఇంకో పని చేసింది. బ్రిటన్‌లో 176 మందలు తిరిగి 51,000 కోళ్ల నడక చూసింది. సగటున నలభై రోజుల వయసులో 27.6 శాతం కోళ్లు మూడో మార్కుకు చేరాయి లేదా దాటాయి. 3.3 శాతం దాదాపు నడవలేని స్థితిలో ఉన్నాయి. ఇవి అక్కడి అంకెలు, అక్కడి షెడ్లవి. మన షెడ్లకు వాటిని అతికించడం సరికాదు. కానీ అంత జాగ్రత్తగా నడిచే పరిశ్రమలోనే నాలుగింట ఒకటి సరిగా నడవలేదంటే, మన దగ్గర లెక్క తీయాల్సిన అవసరం ఉందా లేదా మీరే చెప్పండి.

‘కుంటితే కుంటింది, దానికి నొప్పి తెలుస్తుందా?’ అని అడిగేవాళ్లుంటారు. 2000లో వచ్చిన ఒక పరిశోధన దీనికి జవాబిచ్చింది. కోళ్ల ముందు రెండు రంగుల మేత పెట్టారు, ఒకదానిలో నొప్పి తగ్గించే మందు కలిపారు. కుంటే కోళ్లు, మామూలు కోళ్ల కంటే ఎక్కువగా, మందు కలిసిన మేతనే ఎంచుకుని తిన్నాయి. కుంటు ముదిరిన కొద్దీ మందు తినడం కూడా పెరిగింది. నోరులేని జీవి తన బాధను ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు.

మనిషి కన్నుకు మూడు చిక్కులున్నాయి. నడక చూడాలంటే కోడిని లేపాలి, అంటే మందను కదిలించాలి. ఒకరు రెండు వేసిన కోడికి ఇంకొకరు మూడు వేస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, సూపర్‌వైజర్ ఎప్పుడో ఒకసారి వస్తాడు, వచ్చినా షెడ్డుకు పది నిమిషాలు. బర్డ్ ఫ్లూ భయంతో ఆ రాకపోకలు కూడా తగ్గించుకోవాల్సిన రోజులివి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి షెడ్లలో ఆ వ్యాధితో ఏం జరిగిందో మనం చూశాం. షెడ్డులోకి అడుగుపెట్టే కాళ్లు తగ్గాలి, షెడ్డును చూసే కళ్లు పెరగాలి. కెమెరా అవసరం ఇక్కడే వచ్చింది.

4. యంత్రం ఏం చూస్తుంది

ఈ యంత్రాలు మూడు రకాలు.

మొదటి రకం మందను మొత్తంగా చూస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో మేరియన్ స్టాంప్ డాకిన్స్ బృందం పని ఈ దారిలోది. బోనాల ఊరేగింపును మేడ మీంచి చూస్తే మనకు ఒక్కొక్క ముఖం కనబడదు. జనం ఎక్కడ సాఫీగా సాగుతున్నారో, ఎక్కడ ఆగి తోసుకుంటున్నారో తెలుస్తుంది. ఈ పద్ధతీ అంతే. ఏ కోడినీ విడిగా గుర్తుపట్టదు. వీడియోలో ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య వెలుగు ఏ చోట ఎంత జరిగిందో లెక్కగడుతుంది. ఆ కదలికల సగటు ఎంత, అవి ఎంత సమంగా ఉన్నాయి, ఎంత ఒరిగి ఉన్నాయి లాంటి లెక్కలే చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మంద ఇంచుమించు ఒకే తీరుగా కదులుతుంది. కుంటేవి పెరిగితే సగటు పడిపోతుంది, కొన్ని కదిలి కొన్ని కదలక ఆ సమానత్వం చెడుతుంది. నడక మార్కులతో ఈ అంకెలు సరిపోలాయి. పెద్ద గొప్ప కెమెరా కూడా అక్కర్లేదు.

బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బెర్క్‌మన్స్ బృందం పైకప్పు నుంచి కిందికి చూసే కెమెరాతో ఇలాంటి పనే చేసింది. మంద ఎంత కదులుతోంది, ఏ మూలకు చేరుతోంది అన్నది అది కనిపెట్టి చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని ఫ్యాన్‌కామ్ కంపెనీ దాన్ని ‘ఐనామిక్’ పేరుతో అమ్మకానికి తెచ్చింది.

రెండో రకం ఒక్కొక్క కోడిని చూస్తుంది. కోడి వీపు, మోకీలు, పాదం లాంటి చోట్ల కంప్యూటరే చుక్కలు పెట్టుకుని, నడుస్తున్నప్పుడు ఆ చుక్కలు ఎలా కదిలాయో చూసి నడకకు మార్కు వేస్తుంది. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం నుంచి 2022లో వచ్చిన పని ఈ కోవలోది. లోతు కొలిచే కెమెరాతో కోడి ఎంతసేపు నిలబడి ఎప్పుడు కూర్చుందో చూసేవాళ్లూ ఉన్నారు. ప్రయోగశాలలో ఇవి బాగా పనిచేస్తాయి. పదివేల కోళ్లు ఒకదానినొకటి ఒరుసుకునే షెడ్డులో ఏ కాలు ఏ కోడిదో తేల్చడం ఇంకా కష్టమే. జాతి ఎంపిక చేసే బ్రీడింగ్ కంపెనీలకు మాత్రం ఇది బంగారం. అక్కడ ఒక్కో పక్షి విలువ వేరు.

మూడో రకం వేడిని చూస్తుంది. ఎముక కుళ్లుతున్న కాలిలో వేడి మారుతుందా అని థర్మల్ కెమెరాలతో పరిశోధనలు జరిగాయి. మన ఏప్రిల్ ఎండలో షెడ్డే నిప్పులా ఉన్నప్పుడు కాలి వేడిని విడిగా పట్టడం ఎలాగో మీకు తెలిస్తే నాకూ చెప్పండి.

నా ఓటు మొదటి రకానికి. రైతుకు కావలసింది ఏడువేల నాలుగో కోడి కుంటుతోందన్న కబురు కాదు. ఈ బ్యాచ్ పోయిన బ్యాచ్‌లా నడవడం లేదన్న కబురు.

5. మన షెడ్డు వేరు

ఐరోపాలో ఈ కెమెరాలను పరీక్షించింది మూసిన షెడ్లలో. అక్కడ వెలుగు బల్బుది, గాలి ఫ్యానుది, రెండూ స్విచ్ చెప్పినట్టు వింటాయి. చేవెళ్ల చుట్టుపక్కల మనకున్నవి చాలావరకు తూర్పు పడమరలుగా కట్టిన తెరచిన షెడ్లు. రెండు పక్కలా జాలి, జాలికి పరదాలు. పొద్దున, సాయంత్రం ఎండపొడ ఏటవాలుగా లోపలికి పాకుతుంది. పరదా గాలికి కొట్టుకుంటే నీడ కదులుతుంది. మందను మొత్తంగా చూసే కెమెరాకు కదిలే నీడకూ కదిలే కోడికీ తేడా తెలియదు.

రెండోది ఎండ. మే నెల మధ్యాహ్నం ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా రెక్కలు విప్పి, నోరు తెరిచి రొప్పుతూ కూర్చుంటుంది. పరాయి యంత్రం దాన్ని చూసి ‘మంద కుంటుతోంది’ అంటుంది. రోజూ ఇలా అబద్ధపు కేక వేసే యంత్రం మాట నాలుగో రోజుకు ఎవరూ వినరు.

మూడోది దుమ్ము, అమోనియా, కరెంటు కోత. నాలుగోది రంగు. తెల్ల కోళ్లను చూసి నేర్చుకున్న కంప్యూటర్ ముందు మన రాజేంద్రనగర్‌లో రూపొందిన రంగుల వనరాజ కోడిని వదిలితే ఊకలో కోడేదో, ఊకేదో అని తికమక పడుతుంది.

వీటన్నిటికీ దారులున్నాయి, కానీ ఆ దారులు ఇక్కడే వేసుకోవాలి. షెడ్డులో వేడి, తేమ కొలిచే పరికరం కెమెరాతో పాటే ఉండాలి. మధ్యాహ్నపు కదలికను వదిలి తెల్లవారు, సాయంత్రం చల్లబడ్డ వేళలనే లెక్కలోకి తీసుకోవాలి. వేరే దేశపు సగటుతో కాక, ఇదే షెడ్డులో ఇదే వయసున్న పాత బ్యాచ్‌తో పోల్చాలి. లెక్క కట్టే పని షెడ్డులో పెట్టిన చిన్న పెట్టెలోనే జరగాలి, నెట్ ఉంటేనే నడిచేది మనకు పనికిరాదు.

ఐదో తేడా చాలామంది పట్టించుకోనిది. స్వీడన్‌లో 1990ల నుంచి కబేళా దగ్గర కోడి పాదాల పుండ్లకు మార్కులు వేస్తారు. ఆ మార్కులను బట్టి ఆ రైతు షెడ్డులో ఎంత కిక్కిరిసి పెంచవచ్చో నిర్ణయిస్తారు. అక్కడ కోడి కాలు చివరికి ఒక చోట లెక్క చెబుతుంది. మన దగ్గర కోడి ప్రాణంతోనే చికెన్ షాపుకు పోతుంది. ఒక షెడ్డు కోళ్లు హైదరాబాద్ నలుమూలలకు చెదిరిపోతాయి. కుంటేది ఏదో షాపు వాడికి తెలుసు, కొనేవాడు వేలు చూపించని కోడి అదే. కానీ ఆ సంగతి షెడ్డుకు తిరిగి రాదు. చివర్లో లెక్క తీసే చోటే మనకు లేదు కాబట్టి, తీస్తే గీస్తే షెడ్డులోనే తీయాలి. పరదేశాల కంటే మనకు ఈ కెమెరా అవసరం ఎక్కువ అనడానికి ఇదే కారణం.

6. ఎప్పుడు చెప్పాలి

ముప్పై అయిదో రోజున ‘మీ కోళ్లు కుంటుతున్నాయి’ అని చెప్పే యంత్రం నాకు వద్దు. ఆ మాట పనామె తెల్లవారే చెప్పింది. ఆ రోజుకు చేయగలిగింది ఒక్కటే. నీళ్ల దాకా పోలేని కోడిని అలా వదిలేయకుండా, బాధ లేకుండా దాని బతుకు ముగించడం. అది దయ, తప్పక చేయాల్సిందే. కానీ దానికి కంప్యూటర్ అక్కర్లేదు. కుంటేవాటిని ఏరిపారేయడానికి మాత్రమే యంత్రాన్ని వాడితే షెడ్డు శుభ్రంగా కనబడుతుంది, వచ్చే బ్యాచ్‌లోనూ అన్నే కుంటుతాయి.

ఆక్స్‌ఫర్డ్ పనిలో నాకు అన్నిటికంటే విలువగా తోచింది వేళకు సంబంధించినది. బ్యాచ్ మొదటి రెండు మూడు వారాల కదలికలోనే, చివర్లో ఎదురయ్యే మోకీలు మచ్చల, చావుల జాడ కనబడింది. 2016లో అదే బృందం క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా సోకబోయే మందల కదలికలో తేడా ఏడు నుంచి పది రోజుల వయసుకే పట్టుకుంది. అంటే కంటికి కనబడకముందే మంద చెబుతోంది.

ఆ వయసులో తెలిస్తే చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. నిపుల్ ఎత్తు సరిచేయడం, కారుతున్నవి మార్చడం, గడ్డకట్టిన ఊక తీసి కొత్తది పోయడం, కలియబెట్టడం, సున్నం చల్లడం. మేత నమూనా ల్యాబ్‌కు పంపడం. రెండు కోళ్లను కోయించి ఎముక చూపించడం. పిల్లలు ఏ హేచరీ నుంచి, ఏ బ్రీడర్ మంద నుంచి వచ్చాయో అడగడం.

చీకటి సంగతి విడిగా చెప్పాలి. 2008 బ్రిటన్ అధ్యయనంలో రాత్రి చీకటి గంటలు పెరిగిన కొద్దీ నడక మెరుగైంది. కిక్కిరిసి పెంచిన చోట నడక చెడింది. కోడికి నిద్ర ఉంటే తొలి రోజుల పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది, ఎముకకు వ్యవధి దొరుకుతుంది. తెరచిన షెడ్డుకు ఈ చీకటి పైసా ఖర్చు లేకుండా వస్తుంది. మనమే రాత్రంతా బల్బు వేసి దాన్ని పోగొట్టుకుంటున్నాం. ‘ఎండాకాలం పగలు కోడి మేత ముట్టదు, రాత్రి తినకపోతే ఎలా?’ అని వెనక వరసలో ఎవరో అంటున్నారు. నిజమే. ఎండాకాలంలో చల్లని వేళ మేత పెట్టక తప్పదు. కానీ తినే గంటలు వేరు, తెల్లవార్లూ వెలుగు వేరు. ఎన్ని గంటలు చీకటి ఇస్తే మన షెడ్డులో నడక బాగుపడుతుందో మన కెమెరాయే చెప్పగలదు. ఇలాంటి ప్రశ్నలకు వాడితేనే యంత్రం ఖర్చు గిట్టుతుంది.

7. ఎవరికి చెప్పాలి

మోకిల రూపురేఖలు మీ కళ్ల ముందే మారాయి. 2023లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఇక్కడ ప్లాట్లు వేలం వేసింది. విల్లాలు వచ్చిన చోట కోళ్ల వాసన మీద ఫిర్యాదులు వస్తాయి, షెడ్లు ఇంకా దూరం జరుగుతాయి. యజమాని ఒక చోట, షెడ్డు ఒక చోట. సీసీ కెమెరా చాలామంది ఇప్పటికే పెట్టుకున్నారు, దొంగల కోసమో, పనివాళ్ల కోసమో. అదే కెమెరాకు నడక చూడటం నేర్పించవచ్చు. కాబట్టి యంత్రం వస్తుందా రాదా అన్నది ప్రశ్న కాదు. దాని మాట ముందు ఎవరి ఫోనుకు వస్తుందన్నదే ప్రశ్న.

కంపెనీతో రైతు చేసుకునే ఇంటిగ్రేషన్ ఒప్పందం ఎలా ఉంటుందో ఇక్కడ సగం మందికి తెలుసు. పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కూలి, కరెంటు, ఊక రైతువి. రైతుకు కిలోకు ఇంత అని గ్రోయింగ్ ఛార్జీ. ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు పట్టే మేత, పెరిగినా, మోర్టాలిటీ పెరిగినా అందులో కోత. ఈ లెక్కలో కుంటుకోడిని ఏరేస్తే మోర్టాలిటీ పెరుగుతుంది, కాబట్టి రైతు దాన్ని లిఫ్టింగ్ దాకా, అంటే కోళ్లను అమ్మకానికి ఎత్తే రోజు దాకా, ఈడ్చుకొస్తాడు. కోడి బాధకూ రైతు నష్టానికీ మూలం ఒకే కాగితంలో ఉంది.

రెండో మెట్టులో గుర్తుంచుకోమన్న మూడు సంగతులు ఇప్పుడు తీయండి. కుంటు పిల్లతో రావచ్చు, మేతతో రావచ్చు, షెడ్డులో పుట్టవచ్చు. పదో రోజు నుంచే నడక చెడిందని కెమెరా రాసి ఉంచితే, ఒకే మేత వెళ్లిన అయిదు షెడ్లలో ఒకే వారంలో నడక చెడిందని తేలితే, తప్పు ఊకది కాదని రైతు రుజువుతో చెప్పగలడు. ఒక్క షెడ్డులోనే చెడితే రైతు తన ఊకను తానే చూసుకుంటాడు. కానీ ఆ రికార్డు కంపెనీ కంప్యూటర్లోనే ఉంటే అది రైతు మీద కోత వేయడానికి మాత్రమే బయటికి వస్తుంది. కంపెనీలను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఎదుటివాడి చేతిలో త్రాసు పెట్టి నువ్వే తూచు అంటే ఏ వ్యాపారంలోనైనా జరిగేది అదే. 1982కు ముందు గుడ్డు ధర విషయంలో జరిగింది కూడా అదే.

2019 పశుగణన ప్రకారం కోళ్ల సంఖ్యలో తెలంగాణది దేశంలో మూడో స్థానం, దాదాపు 8 కోట్లు. వ్యవసాయ సమాచారాన్ని పంచుకోవడానికి 2023లో మన రాష్ట్రం ‘ఏడెక్స్’ అనే వేదికను కూడా తెరిచింది. రాజేంద్రనగర్‌లో జాతీయ స్థాయి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది, పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పరిశ్రమ, వేదిక, విద్య మూడూ ఒక గంట ప్రయాణం దూరంలో ఉన్న ప్రాంతం దేశంలో ఇంకోటి వెతకాల్సిందే.

అందుకే ముగ్గురికి మూడు మనవులు.

విద్యార్థులారా, బయటి కంప్యూటర్ మన కోడి నడకను దానంతట అది నేర్చుకోదు. ఎవరో ఒకరు మన షెడ్లలో కూర్చుని, మన ఎండలో, మన ఊక మీద నడిచే కోళ్లకు చేత్తో మార్కులు వేయాలి. వేసిన మార్కులు అందరికీ అందుబాటులో పెట్టాలి. పీహెచ్‌డీ అంశాల కోసం దూరం వెతక్కండి.

కంపెనీల ప్రతినిధులారా, ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చండి. నిర్ణీత వయసుకు ముందే నడవలేకపోతున్నదని రాసి, బాధ లేకుండా చంపిన కోడిని మోర్టాలిటీ కోతలోంచి తీసేయండి. ఆ ఒక్క వాక్యం కెమెరా కంటే ఎక్కువ కోళ్ల బాధ తగ్గిస్తుంది.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా, యంత్రం అమ్మేవాడు మీ దగ్గరికి వస్తాడు. ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రోజున చెబుతుంది? ముందు ఎవరికి చెబుతుంది? రాసిన లెక్క నా దగ్గర ఉంటుందా? మూడింటికీ సరైన జవాబు వస్తే కొనండి. రాకపోతే, ఆ డబ్బు పెట్టి కొత్త ఊక పోయించండి. మీ కోళ్లు అంతకంటే బాగా నడుస్తాయి.